కింది వాటా

"కాస్త గొంతు తగ్గించవే. కింద వినబడుతుంది," అన్నాడు బైండరు.

"వినబడనీ అన్నయ్యా. వాళ్ళు వినాల్సిన మాటే," అంది అతని చెల్లెలు, రవ్వంత కూడా తగ్గించకుండా.

అద్దాలమ్మ స్టవ్ కట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాలుగు రోజుల కిందట గేటుకి బ్యాంకువాళ్ళు నోటీసు అంటించి వెళ్ళిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో మామూలు గొంతుతో మాట్లాడినవాళ్ళు లేరు. పై వాటాలో గుసగుసలు, కింది వాటాలో మూతి బిగింపులు. ఆదివారం పూట భోజనాలయ్యాక కాస్త నడుం వాలుద్దామనుకుంటే ఆ భాగ్యం కూడా లేకుండా ఆడపడుచు ఊడిపడింది. ఆవిడ ఒక లాయరు దగ్గర టైపిస్టు. ఆయన్ని మంచి మూడ్‌లో చూసి పట్టుకుని, ఫీజు లేకుండా సలహా రాబట్టి, అది చల్లారకముందే అన్నావదినలకి వడ్డించాలని బస్సెక్కి వచ్చింది.

"ఇంకొక్కసారి చెప్పు. నాకు బుర్ర పనిచెయ్యడం లేదు," అంది అద్దాలమ్మ.

నిజంగానే పనిచెయ్యడం లేదు. వారమంతా కళ్ళజోళ్ళ షాపులో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె ఉద్యోగం. వీధిలో పిల్లలు పెట్టిన పేరే అద్దాలమ్మ. ఊరందరి చూపూ సరిచేసి ఇంటికొచ్చేసరికి ఆమె కళ్ళే మసకబారిపోయి ఉంటాయి.

"చెప్తా విను వదినా. మీ అద్దె కాగితం రాసుకున్నది మీ ఇంటి ఓనరు ముసలాయన బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టకముందు. అది మన అదృష్టం. ఇల్లు వేలానికెళ్ళినా సరే, కొన్నవాడు మీ అడ్వాన్సు మీ చేతిలో పెట్టేదాకా మిమ్మల్ని కదపడానికి లేదని మా లాయరుగారు చెప్పారు."

"మరింకేం?"

"ఆగు. రేపు పొద్దున బ్యాంకు ఆఫీసరమ్మ వస్తుంది. ఏ వాటాలో ఎవరున్నారో కళ్ళతో చూసి రాసుకుంటుంది. అద్దెవాళ్ళున్న వాటా జోలికి పోరు. ఇంటివాళ్ళ వాటాకి తాళం వేసేస్తారు. ఇప్పుడు చెప్పు, మీ కాగితంలో ఏ వాటా అని రాసుంది?"

అద్దాలమ్మ మొగుడి వైపు చూసింది. అతను నేల వైపు చూస్తున్నాడు.

"కింది వాటా," అంది.

"మరి మీరెక్కడున్నారు?"

వాళ్ళ కాళ్ళ కింద, కింది వాటాలో, ఎవరో కుర్చీ ఈడ్చిన చప్పుడు వినబడింది.

ఈ దంపతులు అద్దెకి దిగింది కింది వాటాలోనే. పైన ఇంటివారుండేవారు. ఇంటాయనకి గడియారాల షాపు. వీధికి ఆయన గడియారాలాయన, వీళ్ళకి బాబాయిగారు. మూడేళ్ళ కిందట ఒకరోజు షాపులో నిచ్చెన మీదనుంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి నుంచి తెచ్చారు గానీ మెట్లెక్కించలేక కింది వాటా హాల్లో, అద్దెవాళ్ళ మంచం మీదే పడుకోబెట్టారు. రెండ్రోజులే కదా అనుకున్నది వారం దాటింది. అప్పుడు ఆయన భార్య పిన్నిగారు అద్దాలమ్మ రెండు చేతులూ పట్టుకుని, "అమ్మాయ్, ఒక్క మాట అడుగుతాను, కాదనకు," అంది. వీళ్ళు కాదనలేదు. వీళ్ళ సామాను పైకెళ్ళింది, వాళ్ళ సామాను కిందికొచ్చింది. కరెంటు మీటర్లు ఎక్కడివక్కడే వదిలేసి, బిల్లులు మాత్రం మార్చుకుని కట్టుకుంటూ వచ్చారు. కాగితం కూడా మార్చి రాసుకోవాలన్న ఆలోచన నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఒకళ్ళ మంచం మీద ఒకళ్ళు పడుకున్నవాళ్ళకి కాగితాలెందుకు గుర్తుకొస్తాయి?

"మీ మంచితనం మండిపోనూ," అంది ఆడపడుచు. "కాగితం లెక్కన ఇంటివాళ్ళది ఈ పై వాటా, రేపు తాళం పడేది దీనికే. ఇందులో మీరెవరు? కాగితంలో లేనివాళ్ళు, ఇంటివాళ్ళ తాలూకు చుట్టాలు. మూటా ముల్లే సర్దుకుని పొమ్మంటారు. అడ్వాన్సు అడిగితే, మీరు కిందెక్కడున్నారమ్మా అంటారు."

బైండరు కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. కలత చెందినప్పుడల్లా అతనికది అలవాటు. పుస్తకాలు బైండింగు చేసే ప్రెస్సులో కాగితాలు కత్తిరించే మిషను ఆ చేతి రెండు వేళ్ళు తీసేసుకుంది. ప్రెస్సువాళ్ళిచ్చిన నష్టపరిహారం మొత్తం ఈ ఇంటికి అడ్వాన్సుగా పోశారు. అడ్వాన్సు ఎక్కువ, అద్దె నామమాత్రం, అదీ ఒప్పందం. ఎవరైనా వేళ్ళేమయ్యాయని అడిగితే, "ఇంటివారి దగ్గర దాచాను, ఖాళీ చేసేటప్పుడు ఇస్తారు," అని నవ్వించేవాడు. ఆ డబ్బు తిరిగొచ్చాక పాత కటింగు మిషనొకటి కొనుక్కుని సొంతంగా బైండింగు పెట్టుకోవాలని అతని కోరిక. చెయ్యి తిన్న మిషన్నే మళ్ళీ ఇంటికి తెచ్చుకుంటానన్న మనిషిని ఏమనాలో తెలియక అద్దాలమ్మ ఎన్నోసార్లు ఊరుకుంది. కానీ ఆ కోరికే లేకపోతే అతను ఈపాటికి మంచం పట్టి ఉండేవాడని ఆమెకి తెలుసు.

"ఇప్పుడేం చెయ్యమంటావ్?" అన్నాడతను చెల్లెలితో.

"సాయంత్రానికల్లా మీరు దిగండి, వాళ్ళు ఎక్కాలి. అంతే. పొద్దున్నకి ఇంటివాళ్ళ చెప్పుల జత కూడా కింద ఉండకూడదు. వాళ్ళలో ఒక్కరు కింద కనబడ్డా, మీరు కింద ఉండడం లేదని రాసేసుకుంటారు."

"ఆయన ఎక్కలేరు."

"ఎత్తుకెళ్ళు."

"ఎత్తుకెళ్ళగలను. అడగలేను." అతను ఉన్న వేళ్ళని చూసుకున్నాడు. దారం లాగడానికి వీలుగా గడియారాలాయన స్వయంగా కూర్చుని చేసిచ్చిన ఇత్తడి పట్టీ ఆ చేతికుంది. "ఇది పెట్టుకుని వెళ్ళి, మీరు పైకెళ్ళండి, పొద్దున తాళం వేసి బయటికి తోస్తారు అని ఎలా చెప్పనే? నావల్ల కాదు."

"ఎవరివల్ల అవుతుంది మరి?" అంది అద్దాలమ్మ.

అతను ఇత్తడి పట్టీ సవరించుకున్నాడు.

"చెప్పండి. కిరాణా కొట్టువాడితో నెలాఖరుకిస్తామని చెప్పాలంటే నేను. మీ ప్రెస్సువాడు జీతం ఆపితే వెళ్ళి కూర్చోవాలంటే నేను. ఇప్పుడు నడవలేని మనిషిని మెట్లెక్కమనాలన్నా నేనే. మంచివాడన్న పేరు మీకు, నోరుగలదన్న పేరు నాకు. బాగుంది."

"నేనలా అన్నానా?"

"మీరేమీ అనరు. అదే కదా నా ఖర్మ."

ఆడపడుచు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, ఈ విషయంలో లాయరుగారు ఏమీ చెప్పలేదు కాబట్టి, బస్సు టైమైందని చేతిసంచి తీసుకుంది.

*

పిన్నిగారు గేటు దగ్గర ఉంది. బకెట్లో నీళ్ళు పెట్టుకుని, అట్లకాడతో నోటీసు గీకుతోంది. కాగితం ఎప్పుడో ఊడిపోయింది. జిగురు వదలడం లేదు.

"గీకితే మళ్ళీ అంటిస్తారు పిన్నిగారూ."

"అంటించనీ. వాళ్ళకి అదో పని, నాకు ఇదో పని."

అద్దాలమ్మ కాసేపు నిలబడి చూసింది. తర్వాత బకెట్టు అందుకుని లోపలికి తెచ్చిపెట్టింది. ఒకప్పుడు తను కాపురమున్న వంటిల్లే. గిన్నెల అర ఆమె మొగుడే కొట్టాడు, కాస్త వంకరగా. గోడ పొడుగునా బాబాయిగారు పట్టుకుని నడవడానికి బిగించిన కమ్మీ కూడా అతని చేతి పనే. అది మాత్రం తిన్నగా ఉంది.

పిన్నిగారు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ, "అడుగు," అంది.

"ఏం అడగాలి?"

"నీ ఆడపడుచు గొంతు వీధి చివరికి వినబడింది. నాకు వినబడలేదనుకున్నావా?"

అద్దాలమ్మకి కాస్త సులువైంది, కాస్త కష్టమూ అయింది. సిద్ధం చేసుకున్న మాటలన్నీ పనికిరాకుండా పోయాయి. "మరైతే మీకు తెలిసిపోయింది. మేము ఈ పూట కిందికి దిగాలి పిన్నిగారూ. బాబాయిగారికి కష్టం కలక్కుండా కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తుకెళ్తారు ఈయన. సామానంతా మేమే మోస్తాం. మీరు ఒక్క గరిటె కూడా ఎత్తక్కర్లేదు."

"ఎక్కాక?"

"ఎక్కాక అంటే..."

"రేపు తాళం వేస్తారుగా. అప్పుడు దించేదెవరు? దించి ఎక్కడ పెడతారు, గేటు బయటా? అది కూడా నీ మొగుడే మోసిపెడతాడా?"

అద్దాలమ్మ అరలో గిన్నెలకేసి చూస్తూ నిలబడింది.

"మూడేళ్ళు పై వాటాలో ఉన్నారు," అంది పిన్నిగారు. గొంతు మామూలుగానే ఉంది, అదే ఎక్కువ గుచ్చుకుంది. "ఒక గది ఎక్కువ. వెలుతురు ఎక్కువ. అద్దె పెంచానా? కింది వాటా అద్దెకే పై వాటా ఇచ్చాను. ఆ రోజు కాగితం గుర్తుకు రాలేదు మీకు."

"నేనడిగానా పిన్నిగారూ పై వాటా? చేతులు పట్టుకుని అడిగింది మీరు."

"అవును. అవసరం నాది. ఇప్పుడు అవసరం నీది. చేతులు పట్టుకో మరి."

ఆ మాట అనేశాక ఆవిడే ముఖం తిప్పేసుకుంది. అద్దాలమ్మకి కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. ఈ గది మధ్యలో కూలబడిపోయి, ఎవరైనా వచ్చి ఏం చెయ్యాలో చెబితే చేసేద్దామనిపించింది.

"చాల్లే," అన్న మాట లోపలి గదిలోంచి వచ్చింది. "ఆ పిల్లకి అసలు సంగతి చెప్పు. లేదా నన్ను చెప్పనీ."

"మీరూరుకోండి."

"నెలరోజులు ఊరుకున్నాను. అమ్మాయ్, ఇలా రా."

గడియారాలాయన మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో ఫోనున్న జనం గడియారాలు కొనరని ఊరంతా తెలుసుకున్నాక ఆయన రెండో షాపు తెరిచాడు. ఆ షాపు కోసమే ఇల్లు తాకట్టు పెట్టాడు. ఇప్పుడు రెండు షాపులూ లేవు. ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే, "టైము బాగాలేక," అంటాడు. గడియారాలవాడు ఆ మాటంటే జనం నవ్వుతారని ఆయనకి తెలుసు. అందుకే ముందు తనే నవ్వుతాడు. ఈ పూట నవ్వలేదు.

"మా లాయరు కూడా మీ ఆడపడుచు చెప్పిందే చెప్పాడమ్మా. నెల కిందటే. కింది వాటా అద్దెకాగితంలో ఉంది, బ్యాంకువాళ్ళు దాన్ని ముట్టుకోరు, మీరు కదలకుండా కిందే కూర్చోండి, అన్నాడు."

అద్దాలమ్మకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"అంటే తాళం మాకు పడుతుందని మీకు తెలుసు."

"తెలుసు."

"నెలరోజులనుంచీ తెలుసు. మొన్న నేను మా అడ్వాన్సు సంగతేమిటి బాబాయిగారూ అనడిగితే, మీకేం ఫరవాలేదన్నారు."

ఆయన దుప్పటి అంచు సవరించుకున్నాడు. "అన్నాను."

"ఆయన చేత నేననిపించాను," అంది గుమ్మంలోంచి పిన్నిగారు. "ఎందుకంటావేమో. మీరు వయసులో ఉన్నారు. ఇద్దరూ సంపాదిస్తున్నారు. నాలుగు రోజులు ఏడ్చినా ఎక్కడో ఒకచోట నిలదొక్కుకుంటారు. ఈయన్ని వేసుకుని నేనెక్కడికి పోను? నాకెవరున్నారు? పాపమో పుణ్యమో, నేను లెక్కేసుకుని ఊరుకున్నాను. నన్ను తిట్టు. పడతాను."

తిట్టాలని అద్దాలమ్మకి లేదు. నాలుగు నెలల కిందట తనకి జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చింది ఈవిడే. తడిగుడ్డ మార్చిన చెయ్యీ, ఈ లెక్క వేసిన చెయ్యీ ఒకటే.

"అది అడ్వాన్సు కాదు పిన్నిగారూ," అంది చివరికి. "మా ఆయన చెయ్యి. నేను ఇంకేదైనా వదులుకునేదాన్ని. మీకోసమైతే నిజంగా వదులుకునేదాన్ని. అది నాది కాదు వదులుకోవడానికి."

వీధిలో కూరగాయల బండి వచ్చింది, ఒకటికి రెండుసార్లు కేకేసింది, వెళ్ళిపోయింది.

"నా చేతికర్ర ఇలా అందుకో," అన్నాడు గడియారాలాయన.

"ఎక్కడికీ?" అంది పిన్నిగారు.

"పైకి. నా వాటాకి నేను పోతున్నాను. తాళం వేసేవాళ్ళు నా ముఖం చూసి వేస్తారు."

"మీరు పొండి. నేను ఈ వంటింట్లోంచి కదలను."

"కదలకు," అన్నాడాయన. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిణ్ణి కదిలించడం తనవల్ల కాదని ఎప్పుడో ఒప్పుకున్న మనిషి గొంతది.

*

కుర్చీలో మోస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. బైండరు భుజం పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, పసివాడిలా ఎక్కాడు. మలుపు దగ్గర ఇక చాలన్నట్టు మెట్టు మీద కూర్చుండిపోయాడు. బైండరు పక్కనే నిలబడ్డాడు. వెనక దిండ్లు మోసుకొస్తున్న అద్దాలమ్మ ఆగిపోయింది.

"గోడలకి ఈ రంగు మీరు వేయించారా?" అన్నాడు ముసలాయన, ఊపిరి అందుకుంటూ.

"మీరే వేయించారు బాబాయిగారూ. వాటాలు మార్చుకోకముందు."

"నేనా? ఇంత దరిద్రపు రంగా?"

బైండరు నవ్వాడు. ఈ నాలుగు రోజుల్లో అతను నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"అబ్బాయ్, నీతో ఒక మాట," అన్నాడు ముసలాయన. "నిన్ను నేను మోసం చేద్దామనుకోలేదు. కానీ చెయ్యకుండా ఆపలేదు. రెంటికీ పెద్ద తేడా లేదని ఇప్పుడు తెలుస్తోంది."

"అవన్నీ ఎందుకు బాబాయిగారూ. లేవండి."

"నువ్వు ఒక్క మాటైనా అను. అంటే నాకు బాగుంటుంది."

బైండరు వంగాడు. ఆయన చంకల కింద చేతులు పోసి లేవనెత్తాడు.

సాయంత్రమంతా మెట్ల మీద సామాను ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఇంత సామాను మనకుందా అని ఇద్దరూ ఎవరికివారు అనుకున్నారు గానీ పైకి అనలేదు. అద్దాలమ్మ బట్టల బీరువా ఖాళీ చేసి, వాళ్ళ బట్టలు పైన, తమ బట్టలు కింద సర్దింది. గోడలకి తగిలించిన గడియారాలన్నీ పైకి చేరాయి. మంచాలు మారాయి. మారనిది ఒక్క వంటిల్లే. పిన్నిగారు స్టవ్ ముందు పీట వేసుకుని కూర్చుంది, లేవదు. అద్దాలమ్మ గిన్నెలు తెచ్చి అరలో పెడుతుంటే అడ్డు చెప్పలేదు. తన గిన్నెలు మాత్రం తియ్యనివ్వలేదు. రెండిళ్ళ గిన్నెలూ ఒకే అరలో ఇరుక్కుని కూర్చున్నాయి.

"పైన ఆయన ఒక్కరే ఉన్నారు పిన్నిగారూ," అంది అద్దాలమ్మ రాత్రి భోజనాల వేళ దాటాక.

"అన్నం పంపించాను. తిన్నారు."

"రాత్రికి లేవాలంటే ఎవరు పట్టుకుంటారు?"

"నీ మొగుడు వెళ్ళి పడుకుంటానన్నాడు."

అద్దాలమ్మకి ఆ సంగతి తెలియదు. హాల్లోకి వెళ్ళి చూస్తే అతను నిజంగానే దుప్పటి చుట్టుకుని బయల్దేరుతున్నాడు.

"పొద్దున్నే దిగిపోతాను," అన్నాడు.

"ఆఫీసరమ్మ వచ్చేసరికి మీరు కింద లేకపోతే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు."

"పిన్నిగారు కింద ఉంటే ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు. ఆవిణ్ణి రెక్క పట్టుకుని ఈడ్చమంటావా?" అతని గొంతులో విసుగు లేదు. అలసట ఉంది. "నువ్వు ఈడ్చగలవా? ఈడ్చగలిగితే ఈడ్చు, నేను చూడను."

ఆమె ఈడ్చలేదు. ఆ రాత్రి కింది వాటాలో హాల్లో ఒకరు, వంటింట్లో ఒకరు పడుకున్నారు. ఒకరికి నిద్ర పట్టలేదని ఇంకొకరికి తెలుసు.

*

ఆఫీసరమ్మ అనుకున్న వేళకంటే ముందే వచ్చింది. పెద్ద వయసేమీ కాదు. చెప్పుల నిండా దుమ్ము, చంకలో ఫైలు. ఆ ఉదయం తాళం వేయాల్సిన ఇళ్ళలో ఇది మొదటిది కాదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆవిడ వెంట తాళంకప్ప, లక్క, కొవ్వొత్తి పట్టుకుని ఒక గుమాస్తా.

"మంచినీళ్ళివ్వండి," అంది లోపలికొస్తూనే. తాగి, గ్లాసు కింద పెట్టి, ఫైలు తెరిచింది. "కింది వాటాలో ఎవరుంటున్నారు?"

"మేమండి," అంది అద్దాలమ్మ. బైండరు అప్పుడే పైనుంచి దిగొచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. అద్దె కాగితం అందించాడు.

ఆఫీసరమ్మ కాగితం చదివింది. హాలు చూసింది. బీరువా తలుపు తెరిచి, లోపల చీరలూ చొక్కాలూ చూసి మూసింది. గోడకి బిగించిన కమ్మీ దగ్గర ఆగింది. "ఇదేమిటి?"

"పెద్దవాళ్ళు నడవడానికండి."

"మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?"

"ఇంటివారికోసం బిగించాం. అప్పుడప్పుడు కిందికొచ్చేవారు," అన్నాడు బైండరు. అబద్ధమాడడం చేతకాని మనిషి ఆడిన అబద్ధం గదిలో కాసేపు అలా నిలబడింది.

ఆఫీసరమ్మ వంటింట్లోకి నడిచింది.

పిన్నిగారు పీట మీదే కూర్చుని ఉంది. తల దువ్వుకోలేదు. నిన్నటి చీరే. ఆవిడ ఎన్నడూ బ్యాంకు గడప తొక్కలేదు. ఫైల్లో ఉన్న ఫొటో ఇంటాయనది మాత్రమే. అయినా అద్దాలమ్మ పిన్నిగారి నోటి వైపే చూస్తోంది. ఈవిడ ఒక్క ముక్క నోరు జారితే చాలు. ఇది నా ఇల్లు అంటే చాలు. ఆవిడ అనదగిన మాటే, నిజమైన మాటే అది.

"ఈవిడెవరు?" అంది ఆఫీసరమ్మ.

అద్దాలమ్మ నోరు తెరిచింది. పిన్ని అనాలా, ఇంటావిడ అనాలా, ఎవరో తెలియదనాలా?

పిన్నిగారు మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి నిలబడింది. కొంగు నడుముకి దోపుకుంది.

"వంటమనిషినండి," అంది. "వీళ్ళ దగ్గర పనిచేస్తున్నాను."

బైండరు తల తిప్పుకున్నాడు.

"అవునామ్మా?" అంది ఆఫీసరమ్మ, కలం ఫైలు మీద ఆన్చి, అద్దాలమ్మతో.

ఆ కలం కింద ఏముందో అద్దాలమ్మకి తెలుసు. కాదంటే అడ్వాన్సు లేదు, మిషను లేదు, ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చునే మొగుడున్నాడు. అవునంటే, చేతులు పట్టుకుని తనని అమ్మాయ్ అన్న మనిషిని తన నోటితోనే వంటమనిషిని చెయ్యాలి. తను ఎన్నుకుంటున్నట్టు కూడా అనిపించలేదు. ఎప్పుడో అయిపోయిన పనికి సంతకం పెడుతున్నట్టుంది.

"అవునండి," అంది.

ఆఫీసరమ్మ రాసుకుంది. "కింద అద్దెవాళ్ళు. సరే." గుమాస్తా వైపు తిరిగింది. "పైకి పద. పైనున్నాయన్ని సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమని చెప్పి, ఆ తర్వాత తాళం వేద్దాం."

వాళ్ళిద్దరి అడుగుల చప్పుడూ మెట్ల మీద మొదలైంది. పైనుంచి ముసలాయన గొంతు, "ఎవరూ?" అని వినబడింది.

అద్దాలమ్మకి ఏడుపొచ్చింది. ఆవిడ చేతులు పట్టుకుందామని ఒకడుగు ముందుకేసింది. "పిన్నిగారూ..."

పిన్నిగారు అప్పటికే అటు తిరిగి స్టవ్ వెలిగిస్తోంది. గిన్నెలో నీళ్ళు పోసింది. టీపొడి డబ్బా అందుకుంది. డబ్బా మూత తీస్తూ, ముఖం ఇటు తిప్పకుండా, ఎన్నేళ్ళనుంచో వంటపని చేస్తున్న మనిషిలా వినయంగా అడిగింది.

"టీ ఎంతమందికి పెట్టమంటారు, అమ్మగారూ? మీ ఇద్దరికేనా, సాయంత్రానికి మా ఆయన కూడా ఇక్కడికే వస్తాడనుకోమంటారా?"

అద్దాలమ్మ మొగుడి వైపు తిరిగింది. అతను ఆమె వైపే చూస్తున్నాడు, జవాబు ఆమే చెప్పాలన్నట్టు.